మూడు వారాల తేడా

2005 నవంబరు 29, మంగళవారం. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్నట్టుండే బెల్ అనే చిన్న నగరంలో ఆ రోజు పోలింగ్ జరిగింది. మేయర్ ఎన్నిక కాదు, కౌన్సిల్ ఎన్నికా కాదు. ఊరికి సొంత చార్టర్ కావాలా వద్దా అన్నది ప్రశ్న. చార్టర్ అంటే ఒక నగరం తన పాలనకు తానే రాసుకునే నియమావళి. అది ఉంటే చాలా విషయాల్లో రాష్ట్ర చట్టాల పట్టు సడలుతుంది. బెల్ జనాభా 35 వేల పైచిలుకు. ఆ రోజు పోలైన ఓట్లు నాలుగు వందల లోపు, వాటిలోనూ సగానికి పైగా పోలింగ్ కేంద్రం గడప తొక్కకుండా ముందే పంపిన ఓట్లు. చార్టర్ నెగ్గింది. సరిగ్గా మూడు వారాల ముందు, నవంబరు 8న, అప్పటి గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పిలుపు మీద రాష్ట్రమంతటా ప్రత్యేక ఎన్నిక జరిగింది. బెల్ ఓటర్లూ ఆ రోజు ఓటేశారు. అదే బ్యాలెట్‌లో ఈ ప్రశ్ననూ చేర్చి ఉంటే వేలమంది కంట పడేది. చేర్చలేదు. ఆ మూడు వారాల తేడా ఆ ఊరిని ఏం చేసిందో చూస్తే, అమెరికాలో చిన్న నగరాల రాజకీయం నడిచే తీరు చాలావరకు అర్థమవుతుంది. అక్కడ ఎవరు పోటీ చేశారన్నదానికంటే ఎన్నిక ఏ రోజున పెట్టారన్నదే ఎక్కువసార్లు ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ముందు అక్కడి మేయర్ అంటే ఎవరో చెప్పుకోవాలి. న్యూయార్క్, షికాగో మేయర్ల పేర్లు విని, అమెరికా మేయర్ అంటే నగరానికి ముఖ్యమంత్రిలాంటివాడని మనం అనుకుంటాం. పెద్ద నగరాల్లో అది చాలావరకు నిజమే. చిన్న నగరాల్లో పరిస్థితి వేరు. బెల్‌లో ప్రజలు ఎన్నుకునేది ఐదుగురు సభ్యుల కౌన్సిల్‌ని. ఆ ఐదుగురూ తమలో ఒకరిని మేయర్‌గా కూర్చోబెట్టుకుంటారు. మేయర్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తాడు, రిబ్బన్లు కత్తిరిస్తాడు, కాగితాల మీద సంతకం పెడతాడు. ఊరిని నడిపేది సిటీ మేనేజర్. బడ్జెట్ తయారీ, ఉద్యోగుల నియామకం, కాంట్రాక్టులు, పోలీసు శాఖ, పారిశుద్ధ్యం అన్నీ అతని చేతిలోనే. మన మున్సిపల్ కమిషనర్ హోదాకు ఇది దగ్గరగా ఉంటుంది కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన కమిషనర్‌ని రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది, బదిలీ కూడా అదే చేస్తుంది. అక్కడి మేనేజర్‌ని కౌన్సిలే ఉద్యోగంలో పెట్టుకుంటుంది, జీతం కౌన్సిలే ఖరారు చేస్తుంది, వద్దనుకుంటే కౌన్సిలే పంపించేస్తుంది. అంటే ఆ మేనేజర్ మీద కన్నేసి ఉంచాల్సిన పై అధికారులు ఐదుగురే. ఆ ఐదుగురి మీద కన్నేసి ఉంచాల్సింది ఓటర్లు.

ఈ పద్ధతి చెడ్డ ఉద్దేశంతో పుట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా నగరాలను పార్టీ ముఠాలు ఏలేవి. న్యూయార్క్‌లోని టామనీ హాల్ వాటిలో బాగా పేరు మోసింది. ఉద్యోగం కావాలన్నా, కాంట్రాక్టు కావాలన్నా వార్డు నాయకుడి చలవ ఉండాలి. దాన్ని విరగ్గొట్టాలని సంస్కర్తలు మూడు మార్గాలు పట్టారు. ఒకటి, స్థానిక ఎన్నికల్లో పార్టీ పేర్లు తీసెయ్యడం. మన పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేకపోవడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే. రెండు, పాలనను రాజకీయ నాయకుడి చేతి నుంచి తీసి శిక్షణ పొందిన నిర్వాహకుడికి అప్పగించడం. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ ఇలాంటి అధికారిని నియమించింది. 1913లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరాన్ని వరద ముంచెత్తాక, ఆ మరుసటి ఏడాది నుంచి అక్కడ సిటీ మేనేజర్ పాలన మొదలైంది. చెప్పుకోదగ్గ పెద్ద నగరం ఈ దారి పట్టడం అదే మొదలు కావడంతో పద్ధతి దేశమంతా పాకింది. మూడోది, స్థానిక ఎన్నికలను అధ్యక్ష ఎన్నికలకూ గవర్నర్ ఎన్నికలకూ దూరంగా జరపడం. జాతీయ పార్టీల హోరులో ఊరి సమస్య కొట్టుకుపోకూడదన్నది వాళ్లు చెప్పిన కారణం. అందుకే ఎన్నో నగరాల్లో ఎన్నికలు బేసి సంవత్సరాల్లో, మార్చిలోనో మేలోనో వస్తాయి. మొదటి రెండింటి వల్ల మేలు జరిగిందని నేను ఒప్పుకుంటాను. మూడోది మాత్రం ముఠాతో పాటు ఓటరునీ ఇంట్లో కూర్చోబెట్టింది.

బెల్‌లో జరిగింది ఇదే. రాబర్ట్ రిజో 1993లో అక్కడ సిటీ మేనేజర్‌గా చేరినప్పుడు అతని జీతం ఏడాదికి 72 వేల డాలర్లు. ఊరు అప్పుల్లో ఉంది, వచ్చినవాడు లెక్కలు సర్దాడు, కౌన్సిల్‌కి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం మీదే ఏటేటా జీతం పెరిగింది. 2005లో కౌన్సిల్ సభ్యుల జీతాలకు కళ్లెం వేస్తూ రాష్ట్రం ఒక చట్టం చేసింది. సొంత చార్టర్ ఉన్న నగరాలకు అది వర్తించదు. నవంబరు 29 నాటి పోలింగ్ అందుకే. ఓటర్లకు పంపిన కాగితాల్లో మాత్రం సభ్యుల జీతాల ఊసు లేదు. ఊరి వ్యవహారాలు ఊరివాళ్ల చేతుల్లోనే ఉంటాయన్న మాటే ఉంది. ఆ తర్వాత పగ్గాలు పూర్తిగా తెగాయి. 2010 నాటికి రిజో మూల జీతం 7,87,637 డాలర్లు, అమెరికా అధ్యక్షుడి జీతానికి దాదాపు రెట్టింపు. సెలవులు, ఇతర సౌకర్యాల విలువ కలిపితే పదిహేను లక్షల డాలర్లు దాటేది. పోలీసు చీఫ్ జీతం 4,57,000 డాలర్లు. అది లాస్ ఏంజెలెస్ మహానగరం పోలీసు చీఫ్ జీతం కంటే ఎక్కువ. నలుగురు కౌన్సిల్ సభ్యులు పార్ట్‌టైమ్ పనికి ఏడాదికి దాదాపు లక్ష డాలర్లు తీసుకున్నారు. ఐదో సభ్యుడికి ముట్టింది దానిలో పదో వంతు కూడా కాదు.

లక్ష ఎలా అయిందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే చిన్న ఊళ్లో డబ్బు దాక్కునే చోటు ఇలాంటిదే. కౌన్సిల్ సభ్యత్వానికి నేరుగా పెద్ద జీతం రాస్తే ఎవరైనా అడుగుతారు. అందుకని ఘన వ్యర్థాల సంస్థ, ప్రజా రుణాల సంస్థ, మిగులు ఆస్తుల సంస్థ, గృహ నిర్మాణ సంస్థ అంటూ బోర్డులున్నాయి. అన్నింటిలోనూ సభ్యులు ఆ ఐదుగురే. ఒక్కో బోర్డుకీ నెలనెలా విడిగా జీతం. కౌన్సిల్ సమావేశం మధ్యలోనే బోర్డు సమావేశం తెరిచినట్టు రాసుకుని, కొన్నిసార్లు ఒకటి రెండు నిమిషాల్లో మూసేసేవాళ్లు. కొన్ని బోర్డులకు చెయ్యడానికి పనే ఉండేది కాదు. ఇవన్నీ నగరం దస్త్రాల్లోనే ఉన్నాయి, అడిగి చూసినవాళ్లు లేరు. ఈ లోపల సొమ్ము వచ్చిన దారి వేరు. బెల్‌లో ఆస్తి పన్ను రేటు కోటీశ్వరులుండే బెవర్లీ హిల్స్ కంటే ఎక్కువగా ఉండేది. పోలీసులు చిన్న కారణాలకే కార్లు పట్టుకుని యార్డుకు తరలించేవాళ్లు. విడిపించుకోవాలంటే మూడు వందల డాలర్లు కట్టాలి. కారు లేకపోతే ఆ రోజు కూలి పోయే మనుషుల దగ్గర వసూలు చేసిన డబ్బు అది. ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాలవాళ్లే, ఎక్కువమంది రెక్కాడితేగానీ డొక్కాడని శ్రామికులు. పౌరసత్వం లేనందువల్ల పెద్దవాళ్లలో చాలామందికి అసలు ఓటే లేదు.

బయటపడింది కూడా పక్క ఊరి పుణ్యాన. 2010లో పొరుగునే ఉన్న మేవుడ్ నగరం దివాలా అంచుకు చేరి ఉద్యోగులందర్నీ తీసేసి, పనులు బెల్‌కి అప్పగించబోయింది. ఆ వార్త కోసం తిరుగుతున్న లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేఖరులు రూబెన్ వివెస్, జెఫ్ గాట్‌లీబ్‌లకు బెల్ జీతాల సంగతి తగిలింది. దస్త్రాలు అడిగారు, రాబట్టారు. జూలైలో కథనం రాగానే కౌన్సిల్ సమావేశానికి జనం పోటెత్తారు. రిజో, సహాయ మేనేజర్, పోలీసు చీఫ్ రాజీనామా చేశారు. 2011 మార్చి 8న రీకాల్ ఎన్నిక జరిగింది. కాలిఫోర్నియాలో తగినన్ని సంతకాలు కూడితే పదవీకాలం మధ్యలోనే ప్రజాప్రతినిధిని ఓటు వేసి దింపెయ్యవచ్చు. నమోదైన ఓటర్లలో సుమారు మూడో వంతు మంది వచ్చారు, వచ్చినవాళ్లలో వందకు తొంభై మందికి పైగా దింపెయ్యాలన్నారు. ఐదు స్థానాల్లోనూ కొత్తవాళ్లు గెలిచారు. లెబనాన్ మూలాలున్న అలీ సాలే కొత్త కౌన్సిల్‌కి మేయర్ అయ్యాడు. ఆ ఏడాదే పత్రికకు ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. 2014లో రిజోకి పన్నెండేళ్ల జైలుశిక్ష పడింది. విచారణ ఎదుర్కొన్న ఆరుగురు మాజీ కౌన్సిల్ సభ్యుల్లో ఐదుగురు కొన్ని అభియోగాల్లో దోషులని 2013లో జ్యూరీ తేల్చింది, ఒకరిని నిర్దోషిగా విడిచిపెట్టింది. సభ్యుల తరఫు న్యాయవాదుల వాదన గుర్తుంచుకోదగింది. మేనేజర్ పెట్టిన కాగితాల మీద సంతకం చేశారని, నగర న్యాయవాది గానీ ఆడిటర్లు గానీ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదని వాళ్లన్నారు. కోర్టు దాన్ని సాకుగా చూసినా, ఊరి పాలన ఎంత ఒంటరిగా నడిచిందో ఆ మాటే చెబుతోంది.

దీన్ని ఒక దొంగ కథగా చదివి పక్కన పెట్టెయ్యవచ్చు. ఒక అత్యాశపరుడు దొరికాడు, దోచుకున్నాడు, జైలుకి పోయాడు. వేల నగరాల్లో నిజాయితీపరులైన మేనేజర్లు పని చేస్తున్నారు కదా అన్నది మొదటి అభ్యంతరం. వేలమంది నిజాయితీపరులున్నారన్నది నిజం. అమెరికాలో చిన్న నగరాల్లో నీళ్లు వస్తున్నాయంటే, రోడ్లు బాగున్నాయంటే అందులో ఈ మేనేజర్ల చదువుకూ క్రమశిక్షణకూ పెద్ద వాటా ఉంది. కానీ బెల్ చుట్టుపక్కలే చూడండి. సౌత్ గేట్ కోశాధికారిని 2003లో ప్రజలు రీకాల్ చేశారు, తర్వాత అవినీతి నేరం రుజువైంది. కడహీ నగరంలో 2012లో మేయర్‌ని లంచం కేసులో అరెస్టు చేశారు. వెర్నన్ అన్నింటికంటే విచిత్రం. నిండా ఫ్యాక్టరీలే, 2010 లెక్కల్లో జనాభా 112 మంది. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది నగరం సొంత ఇళ్లలోనే అద్దెకుండేవాళ్లు. దశాబ్దాల పాటు మేయర్‌గా ఉన్న లియోనిస్ మాల్‌బర్గ్ అసలు ఆ ఊళ్లో నివాసమే ఉండటం లేదని 2009లో కోర్టు తేల్చింది. ఇవన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లు. మనుషులు వేరు, పదవులు వేరు, నేరాలు వేరు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే: కొద్దిపాటి ఓట్లతో గెలవగలిగే ఎన్నికలు, ఆ ఊళ్లను రోజూ గమనించే విలేఖరి లేకపోవడం. నిజాయితీ వ్యక్తి గుణం మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఆ వ్యక్తి మారిన రోజు ఊరికి రక్షణ ఉండదు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది, సంస్కర్తలు వందేళ్ల కిందటే చెప్పింది. విడిగా పెట్టిన ఎన్నికకు వచ్చేవాళ్లు తక్కువే కావచ్చు కానీ ఊరి సంగతులు తెలిసినవాళ్లు వస్తారు. అధ్యక్ష ఎన్నికతో కలిపితే, పైన ఉన్న పేరు చూసి ఓటేసి, పొడుగాటి బ్యాలెట్ అడుగున ఉన్న కౌన్సిల్ పేర్ల దాకా వచ్చేసరికి జనం విసిగిపోతారు, లేదా తోచిన పేరు మీద గుర్తు పెడతారు. ఇందులో నిజం ఉంది. కిందిదాకా నింపకుండా వదిలేసే బ్యాలెట్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటాయి. అయితే ఆ నష్టాన్ని తీసేసినా మిగిలేవాళ్ల సంఖ్య విడి ఎన్నికకు వచ్చేవాళ్ల కంటే చాలా ఎక్కువ. రాజనీతి శాస్త్రవేత్త జోల్టన్ హైనల్ లెక్కల ప్రకారం సాధారణ నగర ఎన్నికలో అర్హులైనవాళ్లలో ఓటేసేది 27 శాతమే. పెద్ద నగరం ఉదాహరణ చూస్తే తేడా ఇంకా స్పష్టం. లాస్ ఏంజెలెస్‌లో 2013 మేయర్ తుది పోరుకు ఓటర్లలో నాలుగో వంతు కూడా రాలేదు. 2015లో అక్కడి ప్రజలు ఎన్నికల తేదీని సరి సంవత్సరాలకు మార్చుకున్నారు. 2022 నవంబరులో కారెన్ బాస్ మేయర్‌గా గెలిచిన ఎన్నికకు వచ్చినవాళ్లు 40 శాతం దాటారు. ఆ పెరుగుదలలో గట్టి పోటీకీ, ఇంటికే బ్యాలెట్ పంపడానికీ వాటా ఉంది. కానీ తేదీ మారకుండా అంతమంది వచ్చి ఉండేవాళ్లంటే నమ్మడం కష్టం.

తక్కువమంది వచ్చినా తెలిసినవాళ్లు వస్తారన్న మాటలో అసలు లోపం మరొకటి. వచ్చేది తెలిసినవాళ్లే కాదు, అవసరం ఉన్నవాళ్లు. నగరం జీతం మీద బతికే ఉద్యోగ సంఘాలు, లేఅవుట్ అనుమతి కావాల్సిన బిల్డర్లు, కాంట్రాక్టర్లు, సొంతిళ్ల విలువ తగ్గకూడదని కోరుకునే వయసు మళ్లిన యజమానులు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, వాళ్ల పని వాళ్లు చూసుకుంటున్నారు. కానీ అద్దెకుండేవాళ్లు, కుర్రాళ్లు, రెండు షిఫ్టులు చేసేవాళ్లు లేని చోట నిర్ణయం ఎటు మొగ్గుతుందో ఊహించనక్కర్లేదు. రాజనీతి శాస్త్రవేత్త సారా అంజియా 2014లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ విషయాన్నే రుజువులతో చూపించింది: స్థానిక ఎన్నికలు విడిగా జరిగే చోట సంఘటిత ఉద్యోగుల జీతాలు ఎక్కువగా ఉంటున్నాయి. పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం 50 నగరాల ఓటరు జాబితాలు పరిశీలిస్తే మేయర్ ఎన్నికల్లో ఓటేసేవాళ్ల మధ్యస్థ వయసు 57 అని తేలింది. ఊరి సగటు మనిషి ఆ వయసువాడు కాడు.

విలేఖరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బెల్‌ని పట్టుకున్నది స్థానిక పత్రిక కాదు. పెద్ద నగరం పత్రిక, అదీ ఏళ్ల తర్వాత, వేరే ఊరి వార్త మీద పోతూ. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి, వాటిలో ఎక్కువ చిన్న ఊళ్ల వారపత్రికలే. 2007 డిసెంబరు 31న సిన్సినాటి పోస్ట్ మూతపడ్డాక, అది ఎక్కువగా చదివే కెంటకీ శివారు ఊళ్లలో కౌన్సిల్‌కి పోటీ చేసేవాళ్లు తగ్గారని, పదవిలో ఉన్నవాళ్లే మళ్లీ గెలవడం పెరిగిందని, పోలింగ్ పడిపోయిందని ఇద్దరు ఆర్థికవేత్తలు గమనించారు. మరో అధ్యయనంలో, పత్రిక పోయిన ప్రాంతాల్లో స్థానిక ప్రభుత్వాలు అప్పు తెచ్చుకుంటే కట్టాల్సిన వడ్డీ పెరిగిందని తేలింది. అడిగేవాడు లేని ఊరిని అప్పిచ్చేవాడు కూడా అంతగా నమ్మడు.

కాలిఫోర్నియా కొంత సర్దుకుంది. బెల్ వ్యవహారం బయటపడ్డాక రాష్ట్ర కంట్రోలర్ జాన్ చియాంగ్ నగరాల అధికారుల జీతాలన్నీ ప్రజలు చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టించాడు. ఇప్పుడు ఏ ఊరి మేనేజర్ జీతమైనా ఇంట్లో కూర్చుని చూడవచ్చు. 2015లో మరో చట్టం వచ్చింది: విడిగా పెట్టే స్థానిక ఎన్నికలో పోలింగ్, రాష్ట్ర ఎన్నికల సగటు కంటే కనీసం 25 శాతం తక్కువగా ఉంటే, ఆ ఎన్నికను రాష్ట్ర ఎన్నికలతో కలిపెయ్యాలి. వందలాది ఊళ్లు తేదీలు మార్చుకున్నాయి. అయితే సొంత చార్టర్ ఉన్న నగరాలకు ఇది వర్తించదని రెడోండో బీచ్ నగరం వేసిన కేసులో 2020లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. బెల్ తప్పించుకున్న తలుపు ఇంకా తెరిచే ఉందన్నమాట. ఓటర్ల హక్కుల విషయంలో చార్టర్ అడ్డు రాకూడదని శాసనసభ రాజ్యాంగ సవరణ ద్వారానైనా తేల్చాలన్నది నా అభిప్రాయం. స్థానిక స్వయంపాలన అంటే స్థానికులు పాల్గొనకుండా సాగే పాలన కాకూడదు.

తెలుగువాళ్లకు ఇందులో నేరుగా సంబంధం ఉంది. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌కి 1990ల చివర్లో ఎన్నికై, 2000లో అక్కడ మేయర్‌గా పనిచేసి, 2002లో రాష్ట్ర అసెంబ్లీలో అడుగుపెట్టారు. వలస వచ్చినవాడికి పై పదవులకు మొదటి మెట్టు ఊరి కౌన్సిలే అని ఆయన ప్రస్థానం చెబుతుంది. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో లాంటి చోట ఆ మెట్టు ఇంకా దగ్గరగా ఉంది. 2020 జనగణనలో అక్కడ ఆసియా మూలాలున్నవాళ్లు నాలుగో వంతుకు పైగా తేలారు, వాళ్లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్లకు, ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాళ్లకు ఓటు లేదు. ఇంటి పన్ను మాత్రం అందరిలాగే కడతారు. బెల్ శ్రామికుడికీ ఫ్రిస్కో ఇంజనీరుకీ సంపాదనలో పోలికే లేదు కానీ ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే పరిస్థితి. ఓటు వచ్చినవాళ్ల సంగతి వేరు. పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు నవంబరులో అధ్యక్షుడికి ఓటెయ్యడానికి ఉత్సాహంగా వరుసలో నిలబడతారు. పిల్లల బడి దారిలో సిగ్నల్ పెట్టాలా, ఇంటి వెనక ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేవాలా, గుడి కట్టుకునేందుకు జోనింగ్ అనుమతి ఇవ్వాలా అని తేల్చే మనుషుల ఎన్నిక టెక్సాస్‌లో చాలా నగరాలకు మే నెల మొదటి శనివారం వస్తుంది. చిన్న నగరంలో ఆ రోజు గెలుపోటముల మధ్య తేడా కొన్ని వందల ఓట్లే కావచ్చు. ఓటు హక్కు ఉన్న ఒక వీధి మొత్తం వస్తే మారిపోయే లెక్క అది.